కమిలి వంతు

మా మనవరాలు మేఘన ఒక మాట అన్నది. ఆ మాట మీద కోపంతోనే ఇదంతా రాస్తున్నాను. అరవై దాటిన మనిషి రాసింది కదా అని ఇందులో నెమ్మదీ నిబ్బరమూ వెతికేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

"అమ్మమ్మా, గీ ఆట రెండుపార్లు ఆడితే అయిపాయె. మళ్ల మళ్ల ఆడనీకి ఏం లేదు" అన్నది అది.

మేఘన జనగామలో నా దగ్గరే ఉండి డిగ్రీ చదువుతోంది. కంప్యూటర్ ఆటలు ఆడి, ఏది కొనుక్కోవచ్చో ఏది వద్దో తన ఛానల్‌లో చెబుతుంది. మన మాటలోనే చెబుతుంది. "ఇదేం తెలుగు, ముందు భాష నేర్చుకో" అని కింద రాసేవాళ్లు రాస్తూనే ఉంటారు. వాళ్లకోసం ఆ తర్వాతి వీడియోలో ఇంకో రెండు "గిట్ల"లు, నాలుగు "ఏంది"లు ఎక్కువ వేస్తుంది. ఆ పొగరు నా దగ్గరనుంచే అంటుకుందని మా అమ్మాయి శైలజకు నా మీద నిష్ఠూరం. ఈసారి మేఘన చేతికొచ్చింది బతుకు ఆట. అందులో గెలవడం, ఓడడం ఉండవు. మనుషుల్ని తయారు చేసి, ఇల్లు కట్టించి, వాళ్లచేత వండించి, ఊడ్పించి, పడుకోబెట్టి, వాళ్ల బతుకు నడపడమే ఆట. దానికి అప్పుడప్పుడు అదనపు భాగాలు వస్తాయి, కొనుక్కుంటే పాత ఆటకు కొత్త సంగతులు కలుస్తాయి. ఇప్పుడు వచ్చింది పల్లె భాగం. పొలం, మేకలు, వారం అంగడి, పనికోసం ఊరు వదిలి పోవడం. ఇంట్లో ఒకరు పనికి పోతే మూడు రోజులు కనబడరు. ఆ మూడు రోజులూ ఇంట్లో మిగిలిన మనిషి ఊడుస్తుంది, పొయ్యి ముట్టిస్తుంది, వాకిట్లో నిలబడుతుంది. మేఘన ఆ మూడు రోజుల్నీ మీట నొక్కి పరుగెత్తించింది.

"ఇంటికాడ ఉన్నోళ్లకు పనే లేదు. వట్టిగ టైం నింపుడు. గిదే చెప్త వీడియోల" అన్నది.

చిక్కుడుకాయలు ఒలుస్తున్నదాన్ని గిన్నె పక్కకు నెట్టాను. ఇంటికాడ ఉన్నవాళ్లకు పని లేదట. రెండుసార్లకే అయిపోయిందట. ఒకే ఆటను ఆరు వేసవులు ఆడినదాన్ని నేను. అయిదో వేసవి దాకా అది మామూలు ఆటే, ఎవరు చూసినా "మళ్లీ అదేనా" అనే ఆటే. ఆరోసారి ఆడినప్పుడు అది ఏం చేసిందో దీనికి చెప్పాలనుకున్నాను. నోటితో చెప్పబోతే మధ్యలో ఫోన్ చూసుకుంటుంది. అందుకని రాస్తున్నాను.

మాది తొర్రూరు. ముందు కొట్టు, మధ్యలో ఇల్లు, వెనక పెద్ద పెరడు, పెరట్లో రేకుల గోదాం. మా ఇంటికి వచ్చినవాళ్లకు ముందు వాసనలు ఎదురొచ్చేవి, తర్వాతే మనుషులు. కొట్టులో బెల్లం, పసుపు, కిరసనాయిలు. నడవలో గోనెసంచుల వాసన. పెరట్లోకి వస్తే వేసవంతా చింతపండు, ఆ పులుపుకు ముక్కు లోపల చురుక్కుమనేది. నాయనమ్మ తెల్లారకముందే లేచి తలకు స్నానం చేసి, కొట్టు గొళ్లానికి పసుపు రాసి, సాంబ్రాణి పొగ వేసి, బొడ్లో తాళంచేతులు దోపుకుని పెరట్లోకి వచ్చేది. ఏ బస్తాలో చింతపండు అయినా చిటికెడు నాలుక మీద వేసుకుని కొత్తదో పాతదో చెప్పేది. మనుషుల్నీ అట్లాగే ఒక్క చూపులో తేల్చేసేది. బాపు, అంటే మా నాన్న, మధ్యాహ్నం అన్నం కూడా కొట్టులోనే తినేవాడు. కంచం తెచ్చి తరాజు పక్కన పెట్టాలి, బేరం వస్తే ఎడమచేత్తో తూకం వేయాలి. పెళ్లికి గాని, చావుకు గాని, ఇంటిల్లిపాదీ పోయినా బాపు మాత్రం కదిలేవాడు కాదు. కొట్టు ఒంటరిగా ఉండకూడదు, అది మా ఇంటి చట్టం. మేనత్త పెళ్లిలో తాళి కట్టే సమయానికి కూడా బాపు కొట్టు గద్దె మీదే ఉన్నాడని మా ఇంట్లో గొప్పగా చెప్పుకునేవాళ్లు. నేనూ గొప్పే అనుకునేదాన్ని.

వేసవిలో చింతపండు కొట్టడానికి ఊరి బయటి తండా నుంచి ఆడవాళ్లు వచ్చేవాళ్లు. వరుసగా కూర్చుని, చిన్న కట్టెతో కాయను కొట్టి పెంకు రాల్చి, గింజ తీసి, ఈనె లాగి పండును ఒక పక్కకు వేసేవాళ్లు. వాళ్లలో వాళ్లు వాళ్ల భాషలో మాట్లాడుకునేవాళ్లు, పాడుకునేవాళ్లు. మాతో మాత్రం మా మాట. వాళ్లలో ఒకామె కూతురు కమిలి. నా ఈడుదే. మొదటి వేసవిలో మా ఇద్దరికీ ఎనిమిదేళ్లుంటాయి. వాళ్లమ్మను "యాడీ" అని పిలిచేది. ఆ పిలుపు నాకు నచ్చి నేనూ మా అమ్మను ఒకసారి అట్లా పిలిస్తే నాయనమ్మ నా వీపు మీద ఒక్కటి వేసింది. కమిలి మా గోదాం దాకా రావచ్చు, వంటింటి గడప తొక్కకూడదు. నీళ్లు అడిగితే నాయనమ్మ పైనుంచి చేతుల్లోకి వంచేది. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా ఉన్నది ఉన్నట్టే రాస్తున్నాను.

గోదాం మూల మాది. రాలిన చింతగింజలే మా గోడలు. గింజలు వరుసగా పేర్చి రెండు ఇళ్లు గీసుకునేవాళ్లం, ఒకటి నాది, ఒకటి కమిలిది. జాతరలో కొన్న మట్టి గురుగులు, అంటే పిల్లలు ఆడుకునే చిన్న చిన్న కుండలు, చెరి సగం. ఇసుక బియ్యం, ఇటుక పొడి కారం. నా ఇంటి ముందు ఎప్పుడూ కొట్టు ఉండాల్సిందే, అది లేకుండా ఇల్లు ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. ప్రతి వేసవీ పాత ఆటకు ఒక కొత్త సంగతి కలిసేది. ఊళ్లోకి వడ్ల మిల్లు వచ్చిన ఏడు మా ఆటలో మిల్లు వచ్చింది. కమిలి తమ్ముడికి జ్వరమొచ్చి వరంగల్ తీసుకుపోయిన ఏడు దవాఖాన వచ్చింది. మిల్లు నేను తెచ్చాను, దవాఖాన కమిలి తెచ్చింది. మూడో వేసవిలో కమిలి తెచ్చినది మాత్రం నాకు నచ్చలేదు.

"మేం పోతున్నం" అన్నది గురుగులు మూటగట్టి నెత్తిన పెట్టుకుని.

"ఏడికి?"

"ఖమ్మం దిక్కు. మిరపకాయ ఏరను. మూడొద్దులైనంక వస్తం. నువ్వు ఇల్లు సూసుకో."

చలికాలంలో తండాలో సగం ఇళ్లకు తాళాలు పడతాయని, అందరూ మిరప తోటలకు పోతారని నాకు తెలుసు. అది ఆటలోకి ఎందుకు? పైగా కమిలి పెట్టిన షరతు ఏమిటంటే, పోయే మనిషి నిజంగానే పెరడు దాటి పోవాలి. కనబడనంత దూరం పోయి, అక్కడిది ఏదో ఒకటి పట్టుకుని రావాలి. మూడొద్దులంటే ఆటలో మూడుసార్లు కోడి కూయడం. ఉన్న మనిషి రెండిళ్లూ ఊడ్చి, రెండు పొయ్యిలూ ముట్టించి, మూడుసార్లు కూసి, వచ్చేదాకా ఎదురుచూడాలి. అది పోయింది. నేను ఊడ్చాను. కూశాను. ఎదురుగా కమిలి ఇల్లు ఖాళీగా ఉంది. కొట్టున్న ఇంట్లో పుట్టినదాన్ని, ఖాళీ చోటు చూస్తే నా కళ్లకు ఊరుకోబుద్ధి కాదు. నా కొట్టులో పట్టని సరుకంతా, అంటే ఇసుక, పెంకులు, గింజల కుప్పలు, తీసుకుపోయి కమిలి ఇంట్లో నింపాను. గోదాం చేశాను. చాలా మంచి పని చేశాననుకున్నాను.

కమిలి చేతిలో తంగేడు కొమ్మతో తిరిగి వచ్చి, తన ఇంట్లోకి అడుగు పెట్టడానికి చోటు లేక వాకిట్లోనే నిలబడిపోయింది. దానికంత కోపం రావడం అంతకుముందు నేను చూడలేదు.

"నేను పోయి వచ్చేటాల్లకు నా ఇల్లు నీదైతదా?"

"ఖాళీగుంది గదా."

"ఖాళీ లేదు. నేను పోయిన, గంతే. పోవుడంటే ఒదిలిపెట్టుడు గాదు."

రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు నేనే సరుకంతా ఎత్తిపోసి, ఊడ్చి, పిలిచాను. అప్పుడు కొత్త కట్టడి చేసుకున్నాం. పోయినవాళ్ల ఇంట్లో ఏమీ పెట్టకూడదు, ఊడ్చి ఉంచాలి, అంతే. ఆ వేసవీ ఆ తర్వాతి వేసవీ కమిలి ఎన్నిసార్లు పోయిందో లెక్కలేదు. ప్రతిసారీ పోయేది అదే, ఉండేది నేనే. నువ్వూ పో అంటే నేను పోయేదాన్ని కాదు. కొట్టు ఒంటరిగా ఉండకూడదు గదా. ఆట నాదే, కొట్టు నాదే, కాబట్టి ఉండేదాన్నీ నేనే అని లోలోపల పెద్ద గర్వం. అది నన్ను కట్టేయడమని అప్పుడు తెలియలేదు.

అయిదో వేసవిలో కమిలి రాలేదు. వాళ్లమ్మా రాలేదు. మిరప తోటలనుంచి అటే ఇటుక బట్టీలకు పోయారని మిగిలిన ఆడవాళ్లు చెప్పారు. ఆ వేసవంతా నేను ఒక్కదాన్నే రెండిళ్లు ఊడ్చాను. పన్నెండేళ్లదానివి, ఇంకా ఈ మట్టి ఆటలేంది అని నాయనమ్మ రోజూ అనేది. నాకూ విసుగ్గానే ఉండేది. నిజం చెప్పాలంటే మేఘన మొన్న చెప్పిన మాటే నేనూ అనుకున్నాను, ఇందులో ఇంక ఏమీ లేదని. అయినా పోయినవాళ్ల ఇల్లు ఊడ్చి ఉంచుతానని మాట ఇచ్చాను, అందుకని ఊడ్చాను.

మరుసటి ఏడు, ఏడో తరగతి పరీక్షలు రాసిన వారానికే నేను పెద్దమనిషినయ్యాను. కొత్త బట్టలు, నువ్వుల ముద్దలు, చుట్టాలు, పాటలు, అన్నీ అయ్యాయి. అన్నీ అయ్యాక అసలు సంగతి తెలిసింది. ఇంక బడి లేదు. ముందు కొట్టులోకి రావద్దు. వెనక గేటు దాటవద్దు. మా ఇంటి ఆచారం ప్రకారం ఆట సామాను చిన్నపిల్లకు ఇచ్చేయాలి. నా గురుగులు మా పిన్ని కూతురికి పోయాయి.

"గవి గూడ ఇయ్యి" అన్నది నాయనమ్మ, కమిలి వాటా చూపించి.

"అవి నావి గావు. కమిలివి. నాకు ఒప్పజెప్పి పోయింది."

నాయనమ్మ నోరు అక్కడ ఆగింది. కొట్టున్న ఇంట్లో ఇంకొకరు నమ్మి ఉంచిపోయిన సొమ్ము ముట్టరు, అది తండా పిల్ల మట్టి గురుగు అయినా సరే. ఆ ఇంట్లో నేను నెగ్గిన మొదటి మాట అది. బడి విషయంలో మాత్రం నెగ్గలేదు. ఏడ్చాను, అన్నం మానాను, బాపును అడిగాను. బాపు తరాజు వైపు చూస్తూ, "నాయనమ్మ చెప్పినట్టు ఇను బిడ్డా" అన్నాడు. జూన్ వచ్చింది. బడి తెరిచారు. నా తోటి పిల్లలు మా వెనక సందులోంచే మాట్లాడుకుంటూ పోయేవాళ్లు. వాళ్ల మాటలు వినబడకుండా నేను గోదాం లోపలికి పోయి కూర్చునేదాన్ని. నాకు ఇంకేమీ అక్కర్లేదు, బడి కావాలి. అంతకన్నా పెద్ద కోరిక ఈ వయసు దాకా నాకు మళ్లీ కలగలేదు.

ఆ ఏడు చింతపండు పని ఆలస్యమై మృగశిర వచ్చినా బస్తాలు మిగిలాయి. అప్పుడు వచ్చింది కమిలి, వాళ్లమ్మ వెంట. జానెడు పొడుగైంది. అరచేతులు ఇటుకలు మోసి కాయలు కాశాయి. సరాసరి మూలకు వచ్చింది.

"వరా, నా ఇల్లున్నదా?"

"ఉన్నది. పొద్దుగాలనే ఊడ్సిన."

"నీదేది?"

"ఇచ్చేసిన్రు."

"బడి?"

"బంద్ చేసిన్రు. గేటు దాటొద్దన్నరు."

అది వంగి, చెదిరిన గింజ ఒకటి వరుసలోకి జరిపింది. తర్వాత తన సంగతి చెప్పింది. మొగుళ్లపల్లి దిక్కు ఒక తండాలో సంబంధం కుదిరింది, నెల లోపల పెళ్లి. అది చెప్పేటప్పుడు గొంతులో సంతోషమూ లేదు, ఏడుపూ లేదు. చెప్పి, తన గురుగులన్నీ మూటగట్టి నా ముందు పెట్టింది.

"ఈపారి నువ్వు పోవాలె. నేను కూసుంట."

"నేనెట్ల పోత?"

"నేనెట్ల పోయిన? గట్లనే. ఇన్నిపార్లు నేను పోయిన, నువ్వు కూసున్నవు. ఈపారి నీ వంతు. దూరం పోవాలె. ఏదన్న పట్టుకొని రావాలె. నువ్వు వచ్చేదాంక నేను లెవ్వ."

అది ఆట కాదని మా ఇద్దరికీ తెలుసు. ఆట అని పేరు పెట్టకపోతే నా కాళ్లు కదలవని కూడా మా ఇద్దరికీ తెలుసు. మూట నెత్తిన పెట్టుకున్నాను. గేటు గడియ తీశాను. సందు దాటాను. తర్వాత బజారు. వెనక సందుల్లోంచి కూడా పోవచ్చు, కాని పోయే మనిషి ఎవరికీ కనబడకుండా పోతే అది పోవడం ఎట్లా అవుతుంది? కొత్త లంగా ఓణీ, కాళ్లకు పట్టాగొలుసులు, నెత్తి మీద మూట. వరుసగా గింజల కొట్లు, బట్టల కొట్లు, అన్నీ బాపు దోస్తులవే. బట్టల కొట్టు పెద్దాయన గద్దె మీంచి లేచాడు.

"ఏందమ్మా, మూటేంది? ఏడికి?"

"మిరపకాయ ఏరను పోతున్న బాబాయ్" అన్నాను.

ఆయన నోరు తెరుచుకునే ఉండగా నేను ముందుకు పోయాను. మెడ వంచలేదు. బస్టాండ్ దాకా పోయాను. వరంగల్ బస్సు పోతూ ఉంది, ఖమ్మం బస్సు వస్తూ ఉంది. అక్కడ తెచ్చుకోవడానికి నాకు ఏమీ లేదు. నా కాళ్లు బడి వైపు తిరిగాయి. ఎనిమిదో తరగతి కిటికీ దగ్గర నిలబడ్డాను. లోపల టీచరమ్మ హాజరు పిలుస్తోంది. నా పేరు కూడా పిలిచింది. ఎవరూ పలకలేదు. ఆమె తల దించి సున్నా చుట్టబోతోంది.

"ఆజర్ టీచర్" అన్నాను కిటికీ బయటనుంచి.

పిల్లలంతా గొల్లుమన్నారు. ఆమె వసారాలోకి వచ్చి నన్నూ మూటనూ చూసింది.

"ఎందుకొస్తలేవు బడికి?"

"పంపుతలేరు."

ఆమె లోపలికి పోయి తన బల్ల మీది తెలుగు వాచకం తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇది నాది. రేపు నాకు గావాలె. ఇంకెవరితోని పంపకు, నువ్వే తెచ్చియ్యి" అన్నది. ఆమె తెలివి నాకు ఆ రోజు అర్థం కాలేదు. నేను టీచరునయ్యాక, నర్మెట్టలో పని చేసేటప్పుడు, బడి మానేసిన ఆడపిల్లల చేతుల్లో నేనూ ఎన్ని పుస్తకాలు అట్లా పెట్టి ఉంటానో.

నేను లేనప్పుడు మా పెరట్లో జరిగింది నాకు తర్వాత అమ్మ చెప్పింది. నాయనమ్మ వచ్చి చూస్తే గింజల గోడల మధ్య కమిలి ఒక్కతే కూర్చుని ఉంది.

"అదేదే?"

"మిరపకాయ ఏరను పోయింది అవ్వా. మూడొద్దులైనంక వస్తది."

నాయనమ్మ అరుపులకు చింతపండు కొట్టే కట్టెలన్నీ ఆగిపోయాయట. వాళ్లమ్మ పరుగున వచ్చి కూతుర్ని రెండు దెబ్బలు కొట్టి లాగితే కూడా లేవలేదట. ఈలోపు బజారునుంచి ముగ్గురు మనుషులు వచ్చి బాపు చెవిన వేశారు. బాపు కొట్టు వదిలి పెరట్లోకి వచ్చాడు. పట్టపగలు, బేరాల వేళ, కొట్టులో ఎవరూ లేకుండా వదిలి రావడం మా ఇంట్లో ఎవరూ ఎరగరు.

"లే బిడ్డా" అన్నాడట కమిలితో.

"ఆమె వచ్చేదాంక ఇల్లు ఒంటరిగ ఇడ్సిపెట్టొద్దు సావుకారీ" అన్నదట అది.

బాపు గోదాం మెట్టు మీద కూలబడ్డాడట. నేను గేటు తోసుకుని వచ్చేసరికి ఆ ఇద్దరూ అట్లాగే ఉన్నారు, మెట్టు మీద బాపు, మూలలో కమిలి. నాయనమ్మ చేయి ఎత్తింది. బాపు లేచి మధ్యకు వచ్చాడు. నా చేతిలోని పుస్తకం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి మళ్లీ నాకే ఇచ్చాడు.

"బజారంత సూసినంక ఇంక దాసుడేంది. రేపు బడికి పో" అన్నాడు.

నాయనమ్మ నాతో ఎన్నో నెలలు మాట్లాడలేదు. పర్వాలేదు. కాని సాయంత్రం పని దిగే వేళ కమిలి వాళ్లమ్మను పిలిచి, "రేపటికెల్లి నువ్వు రాకు" అన్నది. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని, ఒక్క మాట అడగకుండా, కూతురి రెక్క పట్టుకుని పోయింది. నేను బడికి పోయాను. ఆ నెలలోనే కమిలి మొగుళ్లపల్లి పోయింది. నేను ఆ రోజు బాపును, "వాళ్లను ఎందుకు పంపిన్రు" అని అడగలేదు. నాకు దొరికినదాన్ని గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. ఎన్నేళ్లయినా ఆ మాట అడగనందుకు నన్ను నేను క్షమించుకోలేదు, క్షమించుకోవాలని కూడా అనుకోవడం లేదు.

అదీ మేఘనా, ఆరోసారి ఆడితే జరిగింది. ఏ సారి ఆడితే ఏది తెరుచుకుంటుందో డబ్బా మీద రాసి ఉండదు. ఇప్పటి ఆటల్లో రంగులున్నాయి, వాన కురుస్తుంది, మేక పిల్ల అచ్చం మేక పిల్లలా గెంతుతుంది. మాకు చింతగింజలే. కాని మేం ఏ మూడొద్దుల్నీ పరుగెత్తించలేదు, పరుగెత్తించే మీట మాకు లేదు. అందుకే ఇంటికాడ కూర్చున్న మనిషికి ఎంత బరువుంటుందో మాకు తెలిసింది. మేఘన ఆ మాట అన్న రోజే ఇంతవరకు మాత్రం దాని మొహం మీదే అని, "లే, నేను ఆడుత" అని కుర్చీలో కూర్చున్నాను. రోజూ సాయంత్రం కూర్చున్నాను. మీటలు అలవాటు లేక మొదట్లో నా మనిషిని బావి గట్టుకు గుద్దించాను. శైలజ హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి, "అమ్మా, ఈ వయసులో ఈ ఆటలేంది, నలుగురు వింటే నవ్వుతరు" అన్నది. నవ్వనీ. పదమూడేళ్లప్పుడు ఆడొద్దన్నారు పెద్దదానివయ్యావని, ఇప్పుడు ముసలిదానివయ్యావని. ఆడపిల్ల ఆడుకునే వయసు ఏదో వీళ్లు ముందు తేల్చుకుంటే బాగుంటుంది.

ఆటలో భర్త పనికి పోయినప్పుడల్లా నేను మీట నొక్కకుండా ఇంటికాడి ఆమెతోనే ఉన్నాను. ఊడ్పించాను, మేకలకు ఆకు వేయించాను, వాకిట్లో నిలబెట్టాను. ఏడోసారి అట్లా నిలబెట్టి ఉండగా పక్కింటామె నడిచి వచ్చింది. తెర మీద ఒక ప్రశ్న వచ్చింది, ఇల్లు ఈమెకు అప్పగించి నువ్వు పోతావా అని. మేఘన నా భుజం మీంచి వంగి చూసింది.

"ఇది నాకు రాలే అమ్మమ్మా."

"నువ్వు ఉరికిచ్చినవ్ గదా. నిలబడితేనే వస్తది."

అవును అని నొక్కాను. ఇంటికాడి ఆమె మేకల తాడు పక్కింటామె చేతిలో పెట్టి, మూట ఎత్తుకుని, ఊరి బాట పట్టింది. మేఘన చప్పట్లు కొట్టింది. నాకు మాత్రం కమిలి గుర్తొచ్చింది. ఆరు వేసవుల్లో నేను ఒక్కసారి పోయాను, ఆ ఒక్కసారితో నా బతుకంతా మారింది. దాన్ని కూర్చోబెట్టి వచ్చాను. అది ఇంకా లేవలేదు. అప్పుడప్పుడు ఫోన్‌లో మాట్లాడుకుంటాం. భర్త చనిపోయాడు. కొడుకూ కోడలూ హైదరాబాద్‌లో బిల్డింగ్ పనిలో ఉన్నారు. ఆరు మేకల్నీ, రెండో తరగతి చదివే మనవరాలినీ కమిలి చూసుకుంటుంది. ఎప్పుడు రమ్మన్నా, "నేనొస్తె ఇల్లెవరు సూడాలె వరా" అంటుంది.

మర్నాడే నేను బయలుదేరాను. హన్మకొండలో బస్సు మారి మొగుళ్లపల్లిలో దిగి ఆటో ఎక్కాను. మోకాళ్ల నొప్పులు, బీపీ గోలీలు, అన్నీ వెంటే వచ్చాయి. కమిలి మేకల దొడ్డి ఊడుస్తోంది. నన్ను చూసి చీపురు వదిలేసింది. ఈసారి దాని వంటింట్లో కూర్చుని దాని చేతి జొన్నరొట్టె తిన్నాను. తిన్నాక చెప్పాను.

"లే కమిలీ. నీ వంతు."

"ఏం వంతే?"

"ఆ రోజు నన్ను పంపి నువ్వు కూసున్నవు. ఇప్పుడు నేను కూసుంట. నువ్వు పో."

నవ్వింది. నేను నవ్వలేదు. అప్పుడు అదీ నవ్వు ఆపింది.

"ఏడికి పోవాలె నేను?"

"నాకేం ఎరుక. నన్ను ఏడికి పోవాల్నో చెప్పి పంపినవా?"

పొయ్యిలో కట్టె ముందుకు జరిపింది. మళ్లీ వెనక్కి లాగింది. మేకల ఆకు ఎక్కడ కోసుకురావాలో చెప్పింది, మనవరాలికి ఎంత ఉప్పు ఇష్టమో చెప్పింది, ఏ మేక పొడుస్తుందో చెప్పింది. చెబుతూ చెబుతూనే పెట్టెలోంచి రెండు చీరలు తీసి మూట కట్టింది. వాకిలి దాటాక ఒక్కసారి వెనక్కి తిరిగింది.

"పోత మరి. మూడొద్దులల్ల వస్త."

మేకలు నా మాట వినవు. నా చేతి కూర దాని మనవరాలికి నచ్చలేదు, మొహం మీదే చెప్పింది. ఆ పొగరు నాకు నచ్చింది. శైలజ రోజూ ఫోన్ చేసి, పరాయి ఇంట్లో ఏం పని, వెంటనే రమ్మంటుంది. మేఘన ఇంకా వీడియో పెట్టలేదు, మొదటినుంచి మళ్లీ ఆడుతోందట. నిన్న అడిగింది, "అమ్మమ్మా, ఆమె ఏడికి పోయిందో తెలిసిందా?" అని. తెలియలేదు. కమిలి కొడుకు భయపడి, "అమ్మకు ఫోన్ చెయ్యాల్నా?" అని అడిగితే, చేస్తే నీ సంగతి చెప్తానన్నాను. మూడొద్దులని చెప్పి పోయింది. ఇవాళ అయిదో రోజు. పొద్దున్నే లేచి ఇల్లు ఊడ్చాను.